బొగ్గుబాయి పక్కన ఫౌఖానియా: పై జమాత్ ఏదీ?

ఏటా ఏప్రిల్, మే నెలల్లో నాకు ఒకే రకం ఫోన్లు వస్తుంటాయి. మంచిర్యాల నుంచి, మందమర్రి నుంచి, ఎక్కువగా గోదావరిఖని నుంచి. "భాయ్, పిల్లను ఉర్దూ మీడియంలో వేయాలా, ఇంగ్లిష్ మీడియంలో వేయాలా? మీరు ఉర్దూలో చదివి తెలుగు పేపర్లో పని చేస్తున్నారు కదా, మీరే చెప్పండి." ఐదు నిమిషాల ఫోన్లో చెప్పే జవాబు కాదిది. ఈ సవాల్ వెనక నూరేళ్లకు పైబడిన తారీఖ్ ఉంది. అది బొగ్గుతో మొదలవుతుంది కాబట్టి నేనూ బొగ్గుతోనే మొదలుపెడతాను.

గోదావరిఖనిలో ఎవరినైనా మీ బడి ఎక్కడ అని అడగండి. బడి పేరు కంటే ముందు బాయి నంబర్ చెబుతారు. ఫైవ్ ఇంక్లైన్ దగ్గర అంటారు, యైటింక్లైన్ కాలనీలో అంటారు. మన దగ్గర నీళ్లున్నదీ బాయే, బొగ్గున్నదీ బాయే. ఎనిమిదో నంబర్ ఇంక్లైన్ అనే ఇంగ్లిష్ మాట జనం నోట్లో నలిగి నలిగి 'యైటింక్లైన్' అనే ఊరి పేరైపోయింది. ఇలాంటి చోట ముందు బాయి వస్తుంది. తర్వాత క్వార్టర్లు, ఆ తర్వాత చౌరస్తా, దుకాణాలు, మస్జిద్, గుడి, సినిమా హాల్. అన్నీ వచ్చాక, నాలుగు దర్ఖాస్తులు పడ్డాక హైస్కూల్ వస్తుంది. ఆ హైస్కూల్ ఏ జబాన్‌లో నడవాలన్నది మాత్రం ఊరు తేల్చలేదు. హుకూమత్ తేల్చింది. హుకూమత్ మారినప్పుడల్లా అదీ మారింది.

1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. కొత్తగూడెం వైపు 'కింగ్ సీమ్' అని ఇప్పటికీ ఆయన పేరుతో ఒక బొగ్గు పొర ఉంది. 1886లో ఇంగ్లండ్‌లో రిజిస్టరైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఆ బొగ్గు తవ్వే హక్కులు తీసుకుంది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. సింగరేణి అన్నది ఇల్లందు పక్కనున్న చిన్న ఊరు. 1945లో ఎక్కువ వాటాలు నిజాం సర్కార్ కొనేయడంతో మన దేశంలో బొగ్గు తవ్వే తొలి సర్కారీ కంపెనీగా అది మిగిలింది. మిగతా దేశంలో బొగ్గు గనుల జాతీయీకరణ 1970లలో గానీ జరగలేదు. ఈ సంగతి సింగరేణి వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా.

అదే రియాసత్‌లో బడులకు మూడు మెట్లుండేవి. కింద తహ్తానియా, నడుమ వస్తానియా, పైన ఫౌఖానియా. తహ్త్ అంటే కింద, వస్త్ అంటే నడుమ, ఫౌఖ్ అంటే పైన. ప్రైమరీ, మిడిల్, హైస్కూల్ అన్నమాట. మా దాదా తరంలో చదువుకున్నవాళ్లు 'హైస్కూల్' అనేవాళ్లు కాదు, 'మదర్సా ఫౌఖానియా' అనేవాళ్లు. మదర్సా అంటే బడి, అంతే. ఈ రోజు ఆ మాట వినగానే టీవీ వాళ్ల మొహాలు మారిపోతాయి గానీ, అప్పట్లో రెడ్డిగారి అబ్బాయి, కోమట్ల అబ్బాయి, మౌల్వీ సాబ్ అబ్బాయి ఒకే మదర్సాలో లెక్కలు చేసేవాళ్లు. (2006లో సచార్ కమిటీ లెక్క కట్టి చెప్పింది: బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాలకు వెళ్లేవాళ్లు నూటికి నలుగురే. మిగతా వాళ్లు వెళితే మామూలు బడికే వెళతారు, లేకపోతే పనికి.)

ఫౌఖానియా మీద ఇంకో అంతస్తు కూడా కట్టారు. 1917లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మాన్ జారీ చేశారు. 1919లో ఉస్మానియా యూనివర్సిటీ క్లాసులు మొదలయ్యాయి, మొత్తం ఉర్దూలో. ఇంగ్లిష్ పుస్తకాలను ఉర్దూలోకి తేవడానికి దారుల్ తర్జుమా అనే తర్జుమా ఇదారా పెట్టారు. దాని తొలి రోజుల్లో మౌల్వీ అబ్దుల్ హఖ్ లాంటి ఉస్తాద్‌లు పని చేశారు. కెమిస్ట్రీకి, ఇంజినీరింగ్‌కు, చివరికి డాక్టరీకి కూడా ఉర్దూ ఇస్తిలాహ్‌లు, అంటే పారిభాషిక పదాలు తయారుచేశారు. హిందూస్థానీ జబాన్ ఒకదానితో ఆధునిక యూనివర్సిటీ నడపవచ్చని దేశంలో మొదట చేసి చూపించింది అక్కడే. ఎవరు కాదన్నా అది పెద్ద పని.

కానీ ఈ కథలో ఇంకో వైపు కూడా ఉంది. మన ఇళ్లల్లో దాని గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. రియాసత్‌లో ఉర్దూ మాదరీ జబాన్‌గా ఉన్నవాళ్లు పదోవంతుకు కాస్త పైన. తెలుగు మాట్లాడేవాళ్లు దాదాపు సగం. తెలుగు పిల్లాడు తహ్తానియాలో తన భాషలో అక్షరాలు నేర్చుకునేవాడు. ఆ మెట్టు దాటితే తెలుగులో పై జమాత్ లేదు. ఫౌఖానియాకు పోవాలంటే ఉర్దూ రావాలి, సర్కారీ నౌకరీకీ ఉర్దూ రావాలి. హైదరాబాద్‌లో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టుకోవలసి రావడం వెనకా, 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ మొదటిసారి కూడినప్పుడు చదువు మాట గట్టిగా రావడం వెనకా ఈ దర్ద్ ఉంది. ఉర్దూను అప్పుడు ఎవరూ తుపాకీతో రుద్దలేదు. పై జమాత్ ఒక్కటి తమ దగ్గర పెట్టుకున్నారు, అంతే. కింద నీ భాషలో చదువుకో, పైకి రావాలంటే నా భాషలో రా. బడిలో జబర్దస్తీ ఇంత మెత్తగానే నడుస్తుంది.

ఆ బడుల్లో చదివిన తెలుగువాళ్లలో కొందరు ఆ రెండో భాషను కూడా తమది చేసుకున్నారు. మన పాత కరీంనగర్ జిల్లా హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి సిరిసిల్లలో, కరీంనగర్‌లో ఉర్దూ మీడియంలో చదివారు. తర్వాత ఉస్మానియాలో తెలుగు ఎం.ఎ. చేసి, 1988కి జ్ఞానపీఠ్ అందుకున్నారు. దాశరథి గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చారు. ఆదిలాబాద్ జిల్లాలో పిల్లలకు పాఠాలు చెప్పిన సామల సదాశివ అమ్జద్ హైదరాబాదీ రుబాయీలను తెలుగు చేశారు. ఉర్దూ, ఫార్సీ షాయిరీ గురించి ఆయన తెలుగులో రాసినంత కమ్మగా మనవాళ్లు ఉర్దూలో కూడా రాయలేదని నా అభిప్రాయం. 2011లో ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఈ ముగ్గురి ఇళ్లల్లో ఉర్దూ లేదు, బడి ఇచ్చింది. బడి ఇవ్వగలదు కాబట్టే బడి తీసుకోగలదు కూడా.

1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగింది. ఆ తర్వాత ఒకటి రెండేళ్లలోనే ఉస్మానియాలో జరియా-ఎ-తాలీమ్ ఉర్దూ నుంచి ఇంగ్లిష్‌కు మారిపోయింది. ముప్పై ఏళ్లు తయారుచేసిన ఇస్తిలాహ్‌లు అల్మారాల్లోకి వెళ్లాయి. పై అంతస్తు పోగానే ఫౌఖానియా మెట్లు ఎక్కడికీ పోని మెట్లయ్యాయి. ఉర్దూ బడులను మూసేయమని ఎవరూ ఫర్మాన్ ఇవ్వలేదు, అవసరం కూడా రాలేదు. పాతికేళ్ల కింద తెలుగు పిల్లాడు నిలబడిన చోటే ఇప్పుడు ఉర్దూ పిల్లాడు వచ్చి నిలబడ్డాడు. కింద తన భాష ఉంది, పైన లేదు.

కొత్త హుకూమత్ కాగితాల మీద కొంత ఇన్సాఫ్ చేసింది. 1949లో విద్యామంత్రుల సమావేశం ఒక లెక్క పెట్టింది. బడి మొత్తంలో 40 మంది గానీ, ఒక జమాత్‌లో 10 మంది గానీ వేరే మాదరీ జబాన్ పిల్లలుంటే, ప్రైమరీలో వాళ్ల భాషలో చెప్పేందుకు కనీసం ఒక ఉస్తాద్‌ను పెట్టాలి. 1956లో రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేరింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సదుపాయాలు కల్పించాలని దాని సారాంశం. ప్రాథమిక దశలో అన్న మాట చూడండి. రాజ్యాంగం ఇచ్చిన ఆ హామీ తహ్తానియా గుమ్మం దగ్గర ఆగిపోయింది. హైస్కూల్‌కు 1961లో ముఖ్యమంత్రుల సమావేశం ఇంకో లెక్క చెప్పింది: చివరి నాలుగు తరగతుల్లో కలిపి 60 మంది, ఒక్కో తరగతిలో 15 మంది ఉండాలని. అది రాజ్యాంగం కాదు, ఒప్పందం. అడిగేవాడుంటే నడుస్తుంది, లేకపోతే ఫైల్లో ఉంటుంది. 1956లోనే ఆంధ్ర, తెలంగాణ పెద్దలు రాసుకున్న పెద్దమనుషుల ఒప్పందంలో కూడా పాలనలో, కోర్టుల్లో ఉర్దూకున్న స్థానం ఐదేళ్లపాటు కొనసాగాలని ఉంది. ఐదేళ్లంటే 1961. సరిగ్గా అదే కాలంలో గోదావరిఖని పుట్టింది.

రామగుండం పాత ఊరు. కాజీపేట నుంచి బల్లార్షాకు పోయే రైలు దారి మీద స్టేషన్ ఉంది కాబట్టి పేరు నలుగురికీ తెలుసు. గోదావరిఖని మాత్రం బొగ్గు కన్న ఊరు. 1960ల మొదట్లో ఇంక్లైన్లు తెరిచారు. గోదావరికి దక్షిణాన చేలు, చెట్లు ఉన్నచోట జీడీకే ఒకటి, రెండు, మూడు అని నంబర్లు మొలిచాయి. ఊరి పేరులోని 'ఖని' సంస్కృతం, జనం నోట్లో 'బాయి' తెలుగు. లోపలి పని మాటలు మాత్రం సగం మనవే. హాజిరీ, నాగా, జమేదార్. లోపల కార్మికుల భద్రత చూసేవాడు సర్దార్. చట్టంలో కూడా ఆ ఉద్యోగం పేరు మైనింగ్ సర్దారే. ఎవరైనా రాని రోజు వాళ్ల స్థానంలో దిగేవాడు బదిలీ ఫిల్లర్. కొడుక్కి తండ్రి ఉద్యోగం ఇస్తే అది వారసత్వ ఉద్యోగం. 'వారిస్' అనే అరబీ మాటకు సంస్కృతపు 'త్వం' తగిలించి చేసిన పదమిది. తెలుగు డిగ్రీలో వ్యాకరణం చదువుతున్నప్పుడు దీన్ని మిశ్రసమాసాల కింద రాసుకున్నాను. మా అబ్బాకు సమాసాలు తెలియవు గానీ వారసత్వం అంటే ఏమిటో బాగా తెలుసు. ఆయన టింబర్‌మన్, పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని.

ఊరు పెరిగిన వేగం బడులు అందుకోలేదు. బసంత్‌నగర్‌లో కేశోరాం సిమెంట్ వచ్చింది. రామగుండం బి థర్మల్ 1971లో వచ్చింది. 1978 నవంబర్‌లో మొరార్జీ దేశాయి ఎన్టీపీసీకి పునాది రాయి వేశారు, 1983లో మొదటి యూనిట్ నడిచింది, చివరికి 2600 మెగావాట్లయింది. 1980లో ఎరువుల కర్మాగారం మొదలై, 1999లో మూతపడి, మళ్లీ ఇరవై ఏళ్లు దాటాక కొత్త పేరుతో తెరుచుకుంది. ప్రతి ఫ్యాక్టరీకి గేటు, గేటు లోపల టౌన్‌షిప్. ఎన్టీపీసీ టౌన్‌షిప్‌లో కేంద్రీయ విద్యాలయం ఉంది. సింగరేణి కంపెనీ తన కాలనీల్లో తన ఎడ్యుకేషనల్ సొసైటీ బడులు నడిపింది. గేటు బయట బస్తీలు పెరిగాయి. బదిలీ వర్కర్లు, కాంట్రాక్ట్ మజ్దూర్లు, లారీ మెకానిక్‌లు, టైలర్లు, పండ్ల బండ్ల వాళ్లు అక్కడే ఉండేవాళ్లు. మన ఖాందాన్లు చాలావరకు ఆ బస్తీల్లోనే. వీళ్లకు మిగిలింది సర్కారీ బడి. 2009లో రామగుండం మునిసిపల్ కార్పొరేషన్ అయింది. 2011 జనాభా లెక్కల్లో ఊరి జనం దాదాపు 2 లక్షల 30 వేలు. 2016లో పెద్దపల్లి జిల్లా వచ్చేదాకా బడి గురించి ఏ దర్ఖాస్తు పెట్టాలన్నా కరీంనగర్ డీఈవో ఆఫీసుకు బస్సెక్కాల్సిందే. రోజు హాజిరీ పోగొట్టుకుని కరీంనగర్ వెళ్లే మజ్దూర్ ఎవరు? వెళ్లినా ఏ భాషలో రాయాలి? ఇవి చిన్న సంగతుల్లా కనిపిస్తాయి గానీ బడులు ఇలాంటి చిన్న సంగతుల దగ్గరే ఆగిపోతాయి.

చదువు మీద పట్టుదల లేకపోవడానికి ఇంకో కారణం ఉంది. అది మనకొక్కరికే కాదు, బొగ్గుబెల్ట్ మొత్తానికి. మా బస్తీలో పెద్దవాళ్లు అనే మాట నాకింకా వినిపిస్తుంది: "పఢ్ కే క్యా కర్తా రే, బాయీచ్ మే జానా హై నా." చదివి ఏం చేస్తావురా, పోయేది బాయిలోకే కదా. అది నిరాశ కాదు, లెక్క. అబ్బా అన్‌ఫిట్ అయితే కొడుకుకు నౌకరీ. 1990 ప్రాంతంలో సింగరేణిలో లక్షా పదివేలకు పైగా కార్మికులున్నారు. దసరా, దీపావళి బోనస్ రోజుల్లో చౌరస్తాలో నడవడానికి చోటుండేది కాదు. అలాంటి ఊళ్లో ఎనిమిదో జమాత్ ఆపేసిన కుర్రాడికి, మెట్రిక్ పాసైన కుర్రాడికి ఒకే తట్ట, ఒకే చెమ్మస్. లోపలికి దిగే ముందు వీటీసీలో కొన్ని రోజుల ట్రైనింగ్ ఇస్తారు, 1966 నుంచి అది చట్టం. చాలామందికి హైస్కూల్ అదే.

తర్వాత ఓపెన్‌కాస్ట్‌లు వచ్చాయి. భూమి పైనుంచే తవ్వేసే డంపర్లు, షావెల్స్ వచ్చాయి. కార్మికుల సంఖ్య తగ్గుతూ తగ్గుతూ ఇప్పుడు 40 వేల దగ్గరుంది. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసింది. ఇప్పుడున్నవి కారుణ్య నియామకాలు, అవీ మెడికల్ బోర్డు తేల్చాక. అంటే, పఢ్ కే క్యా కర్తా అన్న లెక్క తప్పిపోయింది. చదువు తప్ప ఇంకో వారసత్వం లేకుండా పోయింది. కానీ సరిగ్గా ఆ సమయానికి మన పిల్లలు చదివే బడికి పై జమాత్ లేదు.

నా సంగతే చెబుతాను, ఎందుకంటే నాది అందరి సంగతే. దస్వీ వరకు ఉర్దూ మీడియం సర్కారీ బడిలో చదివాను. త్రిభుజం నాకు ముసల్లస్, వృత్తం దాయిరా, సమీకరణం మసావాత్, గురుత్వాకర్షణ కషిష్-ఎ-సఖ్ల్. (సఖ్ల్‌లోని ఖాఫ్‌ను లక్నో వాళ్లు గొంతు లోపలి నుంచి పలుకుతారు, మన దక్కన్‌లో అందరం 'ఖ' అనేస్తాం. దానికే మా ఉస్తాద్ చేతిలో దెబ్బలు తిన్నాం, ఆయనా 'ఖ' అంటూనే కొట్టేవారు.) తెలుగు మాకు ఒక సబ్జెక్టు. సైన్స్ సార్ పోస్టు రెండేళ్లు ఖాళీగా ఉంది. ఉర్దూ సార్ ఫిజిక్స్ పుస్తకం తీసి, తనకు అర్థమైనంత చదివి వినిపించేవారు. పాపం ఆయన తప్పేమీ లేదు. దస్వీ పాసయ్యాక నాకు అందుబాటులో ఉర్దూ మీడియం ఇంటర్ లేదు. తెలుగు మీడియం కాలేజీలో చేరితే ముసల్లస్‌ను త్రిభుజంగా మార్చుకోవడానికే ఒక సంవత్సరం పోయింది. నాతో దస్వీ రాసిన వాళ్లలో ఎక్కువమంది ఆ సంవత్సరం దాటలేదు. వాళ్లు తెలివి తక్కువవాళ్లు కాదు. లెక్కల్లో నాకంటే తేజ్‌గా ఉన్న ఒకడు ఇప్పుడు పెట్రోల్ బంక్ దగ్గర టైర్లు అతుకుతున్నాడు. వాడికి మసావాత్ వచ్చు, సమీకరణం రాదు. పరీక్ష సమీకరణంలో ఉంది.

నేను సైన్స్ వదిలేసి తెలుగు సాహిత్యంతో డిగ్రీ చేశాను. నాకు నష్టం జరిగిందని అనను, తెలుగు నాకు అన్నం పెట్టింది. నేను డిగ్రీలో ఉండగానే, 1998లో, హైదరాబాద్‌లో మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ వచ్చింది. ఉస్మానియాలో పోయిన పై అంతస్తు సుమారు యాభై ఏళ్లకు గచ్చిబౌలిలో మళ్లీ కట్టారన్నమాట. 2018 నుంచి నీట్ పరీక్ష ఉర్దూలో కూడా రాయవచ్చు, సుప్రీంకోర్టు దాకా వెళ్లి సాధించుకున్నది. 2017 నవంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చేసింది. ఇవన్నీ ఖుషీ విషయాలే. కానీ మేడ పైన గది కట్టి, నడుమ మెట్లు మరిచిపోయారు. నీట్ ఉర్దూలో రాయాలంటే ఇంటర్లో బయాలజీ ఉర్దూలో చెప్పాలి కదా. బొగ్గుబెల్ట్ బస్తీ పిల్లకు ఆ ఇంటర్ ఎక్కడుంది?

ఉస్తాద్‌లు లేకపోవడం గురించి కూడా ఒక మాట చెప్పాలి, దీన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. డీఎస్సీలో ఉర్దూ మీడియం పోస్టులు పడతాయి. రోస్టర్ ప్రకారం వాటిలో కొన్ని ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు వెళతాయి. ఉర్దూ మీడియంలో చదివి టీచర్ ట్రైనింగ్ చేసిన ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులు దాదాపుగా దొరకరు. పోస్టు ఖాళీగా ఉండిపోతుంది, తర్వాతి డీఎస్సీకి పోతుంది, అప్పుడూ దొరకరు. ఈలోగా విద్యా వాలంటీర్‌తో నెట్టుకొస్తారు. మనవాళ్లలో కొందరు దీనికి రిజర్వేషన్‌ను తిడతారు. అది గలత్. రిజర్వేషన్ వల్ల మనకూ బీసీ-ఇ కింద 4 శాతం వచ్చింది. అన్ని కులాల పిల్లలు ఉర్దూ చదివిన ఫౌఖానియా పోయి, ఉర్దూ అంటే ముస్లిం బడి అన్న రోజు వచ్చాక రోస్టర్ మాత్రం పాతదే మిగిలింది. భర్తీ కాని పోస్టులను డీ-రిజర్వ్ చేసి, అంతే సంఖ్యలో పోస్టులు వేరే మీడియంలో ఆ వర్గాలకు ఇవ్వాలన్నది న్యాయమైన మాట. సర్కార్ తలుచుకుంటే ఇది ఒక్క ఆర్డర్ పని. పిల్లల తరఫున కూర్చుని ఆ ఫైల్ కదిపేవాళ్లు లేరు.

ఇక ఈ పదేళ్ల సంగతి. 2016 జూన్‌లో తెలంగాణ మైనారిటీ గురుకులాలు 71 మొదలయ్యాయి, మరుసటి ఏడాదికి 204 అయ్యాయి. అన్నీ ఇంగ్లిష్ మీడియం. ఉర్దూ ఒక సబ్జెక్టు. అన్నం, బట్ట, పుస్తకం, హాస్టల్ ఉచితం. మన ఆడపిల్లలు ఇల్లు వదిలి హాస్టల్లో ఉండి చదవడం మా తరంలో ఊహకు కూడా రాలేదు. ఆ ఒక్క పనికి నేను ఈ గురుకులాలకు సలామ్ చేస్తాను. కానీ ఊళ్లోని ఉర్దూ మీడియం బడిలో చదివే చురుకైన పిల్లలు అటు వెళ్లిపోయారు. బడిలో పిల్లల సంఖ్య పడిపోయింది. సంఖ్య పడితే పోస్టు పోతుంది, పోస్టు పోతే మిగిలిన పిల్లలు పోతారు. 40, 10, 60, 15 లెక్కలు గుర్తున్నాయి కదా, అవే ఇప్పుడు తిరగబడి కోస్తున్నాయి. 2022-23 నుంచి అన్ని సర్కారీ బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టారు. రెండు భాషల్లో అచ్చయిన పుస్తకాలిచ్చారు, ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు. అంటే ఈసారి తెలుగు మీడియం కూడా మన పక్కనే వచ్చి నిలబడింది. తెలుగు దోస్తులు ఇప్పుడు తెలుగు బడి పోతోందని బాధపడుతుంటే నేను వాళ్లను ఎగతాళి చేయను. ఆ బాధ 1930లో వాళ్లకు తెలుసు, 1950లో మనకు తెలిసింది, ఇప్పుడు ఇద్దరికీ తెలుసు. పిల్లలందరూ కలిసి ఇంగ్లిష్ మెట్ల మీద నిలబడ్డారు. ఆ మెట్లకు పైన గది ఉంది, నౌకరీ ఉంది. వాల్దైన్‌లు అటు పరుగెత్తడంలో తప్పేమీ లేదు.

కాబట్టి ఏప్రిల్ ఫోన్లకు నా జవాబు ఇది. పైన ఉర్దూ ఇంటర్, సరిపడా ఉస్తాద్‌లు లేని చోట పిల్లను ఉర్దూ మీడియంలో వేయమని నేను చెప్పను. మనసులో మొహబ్బత్ ఎంతున్నా, పిల్ల ముస్తక్బిల్‌తో తజ్రిబా చేయడం నాకు ఇష్టం లేదు. ఇంగ్లిష్ మీడియంలోనే వేయండి. కానీ ఉర్దూను మొదటి భాషగా అడగండి. 2018 చట్టం ప్రకారం తెలుగు ఎలాగూ తప్పనిసరి, అది మంచిదే, పిల్ల ఈ ఊళ్లో బతకాలి. ఉర్దూ అడగకపోతే మాత్రం ఎవరూ ఇవ్వరు. ఉర్దూ చెప్పడానికి బడిలో ఒక్క ఉస్తాద్ చాలు, సైన్స్‌కు, లెక్కలకు వేరే వేరే ఉస్తాద్‌లను వెతకక్కర్లేదు.

అడగడం ఎలా అంటారా? దాఖ్లా ఫారంలో మాతృభాష అని ఒక గడి ఉంటుంది. గోదావరిఖనిలో, బెల్లంపల్లిలో, శ్రీరాంపూర్‌లో నేను చూసిన చాలా ఫారాల్లో మనవాళ్లు అక్కడ తెలుగు అని రాస్తారు, లేదా రాసే క్లర్క్‌కే వదిలేస్తారు. ఇంట్లో మాట్లాడేది దక్కనీ అయితే అక్కడ ఉర్దూ అని రాయండి. ప్రైమరీలో పది మంది పిల్లల గడిలో ఆ మాట ఉంటే వాళ్ల వాల్దైన్‌లు కలిసి ఒకే కాగితం మీద దస్తఖత్ చేసి హెడ్‌మాస్టర్‌కు ఇవ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి, ఒక కాపీ పెద్దపల్లి డీఈవో ఆఫీసుకు పోస్టులో పంపండి. హైస్కూల్ పిల్లలకైతే 15, 60 లెక్క ఎత్తి చూపండి. ఇప్పుడు కరీంనగర్ బస్సెక్కే పని లేదు. దర్ఖాస్తు తెలుగులో రాయడం ఇబ్బందైతే నాకు ఫోన్ చేయండి, నేను రాసిస్తాను. ఈ పని కోసమే కదా తెలుగు డిగ్రీ.

ఇంకో చిన్న కోరిక. ఇల్లందు, కొత్తగూడెం, బెల్లంపల్లి వైపు పాత ఖాందాన్లలో మెట్రిక్ సనద్‌లు, ఫౌఖానియా హాజిరీ పట్టీలు, దారుల్ తర్జుమా లెక్కల పుస్తకాలు ట్రంకు పెట్టెల అడుగున ఉంటాయి. ముస్లింల ఇళ్లల్లోనే కాదు, పాత పట్వారీల ఇళ్లల్లో, రిటైరైన మాస్టర్ల ఇళ్లల్లో కూడా ఉంటాయి. బొగ్గుబెల్ట్ బడుల గురించి రాసిన కాగితాలు బయట దొరకడం లేదు. చెదలు పట్టకముందే ఫోన్‌తో ఒక ఫోటో తీసి పంపండి. పేరు, ఊరు కనిపించకూడదనుకుంటే ఆ చోట వేలు అడ్డం పెట్టి తీయండి, పర్వాలేదు. నాకు కావలసింది ఏ సంవత్సరం, ఏ జమాత్, ఏ జబాన్ అన్న మూడు సంగతులే.